ఇల్లు లేని కుటుంబాల పిల్లలకు పగటి సెంటర్: చందాలతో ఎలా నడపాలి?

పొద్దున్న ఆరున్నరకు కూకట్‌పల్లి లేబర్ అడ్డా మీదుగా ఒకసారి వెళ్లండి. చేతిలో టిఫిన్ డబ్బా, పాత చీరలో చుట్టిన పని బట్టలు, చంకలో బిడ్డతో నిలబడ్డ తల్లులు కనిపిస్తారు. మేస్త్రి మనుషుల్ని ఎంచుకునేటప్పుడు ముందు ఆ చంక వైపే చూస్తాడు. బిడ్డ ఉన్న తల్లిని చివర్న పిలుస్తాడు. పిలిచినా కూలి తగ్గించి మాట్లాడతాడు. ఇక సైట్ దగ్గర ఆ బిడ్డ రెండు కర్రల మధ్య కట్టిన చీర ఉయ్యాల్లోనో, కాస్త పెద్దదైతే నడుముకు కట్టిన తాడుతో ఇసుక కుప్ప పక్కనో పొద్దుగూకేదాకా ఉంటుంది. అద్దె గదిలో ఉండే తల్లికి కనీసం పక్కింటి ముసలమ్మ సాయమైనా ఉంటుంది. ఫ్లైఓవర్ కింద, స్టేషన్ గోడ వారన, మెట్రో పిల్లర్ల మధ్య పడుకునే తల్లికి అదీ ఉండదు.

ఈ పిల్లలకు ఏదైనా చేయాలన్న మనసు హైదరాబాద్‌లో చాలామందికి ఉంది. పుట్టినరోజుకు బిర్యానీ ప్యాకెట్లు, చలికాలం దుప్పట్లు, పండక్కి కొత్త బట్టలు పంచుతూనే ఉంటారు. మంచిదే. కానీ ఈ పనిలో ఏళ్లుగా ఉన్నదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఆ పిల్లలకు అన్నిటికంటే ముందు కావలసింది పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా పక్కన ఉండే మనిషి. ఆ మనిషికి నెలనెలా జీతం ఇవ్వడానికే ఎవరి జేబూ కదలదు. ఆ జీతం ఎలా పుట్టించాలో, సెంటర్‌ను ఎలా నిలబెట్టాలో నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందు వెళ్లి చూడండి, కూర్చోండి, అడగండి

ఒక్క చోటు ఎంచుకోండి. సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కలైనా, నాంపల్లి అయినా, ఎంజీబీఎస్ దగ్గరైనా, మీ ఇంటికి దగ్గర్లో ఉన్న ఫ్లైఓవర్ కిందైనా సరే. మూడు వారాల పాటు అక్కడికి పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం, రాత్రి పదింటికి, ఇలా వేళలు మార్చి వెళ్లండి. పగలు కనిపించే కుటుంబాలు వేరు, రాత్రి పడుకునే కుటుంబాలు వేరు. రాత్రి లెక్కే అసలు లెక్క. జీహెచ్ఎంసీ నైట్ షెల్టర్లు ఉన్నాయి కదా అంటారేమో. చాలా షెల్టర్లలో మగవాళ్లకు వేరుగా, ఆడవాళ్లకు వేరుగా ఉంటుంది. మొగుడూ పెళ్లాం పిల్లలూ ఒకచోట ఉండాలనుకునే కుటుంబం ఫుట్‌పాత్ మీదే ఆగిపోతుంది.

వెళ్లినప్పుడు నోట్‌బుక్ తీసి ప్రశ్నలు మొదలుపెట్టకండి. మొదటి రెండు మూడుసార్లు టీ తాగి, మాట్లాడి వచ్చేయండి. తర్వాత వాళ్లే చెబుతారు. మీకు తెలియాల్సినవి ఇవి: ఆరేళ్లలోపు పిల్లలు ఎంతమంది, తల్లి ఏ పనికి, ఎన్ని గంటలకు పోతుంది, ఎన్నింటికి వస్తుంది, ఇప్పుడు ఆ పిల్లల్ని ఎవరు చూస్తున్నారు. చాలాసార్లు ఆ చూసేది ఎనిమిదేళ్ల అక్క. తమ్ముడికి మీరు చోటు చూపిస్తే ఆ అక్కకు బడి దొరుకుతుంది. దాత ఎవరైనా 'ఇంత ఖర్చుకు ఒక్క పిల్లాడేనా' అని అడిగితే ఈ సంగతి చెప్పండి.

వేళల దగ్గర మేము చేసిన తప్పు మీరు చేయకండి. మా మొదటి సెంటర్ తొమ్మిదిన్నరకు తెరిచేవాళ్లం, వాలంటీర్లకు అదే వీలు కాబట్టి. గోడలకు రంగులు, బొమ్మలు, చాపలు అన్నీ సిద్ధం చేసి పది రోజులు కూర్చుంటే నలుగురు పిల్లలు వచ్చారు. ఒకరోజు నేనే అడ్డా మీదికి పోయి ఒక తల్లిని అడిగాను. "పొద్దుగాల ఏడింటికే మేస్త్రి బండి ఎక్కిస్తడు అక్కా. మీరు పది గంటలకు తలుపు తీస్తె బిడ్డను ఎవ్వల చేతిల పెట్టి పోవాలె?" అంది. మర్నాటి నుంచి ఆరున్నరకు తెరిచాం. నెల తిరిగేసరికి పద్దెనిమిది మంది.

ఇంకొకటి కూడా అడిగితేనే తెలిసింది. మీకు ఇంకేం కావాలమ్మా అంటే అన్నమనో బట్టలనో అంటారనుకున్నాం. ముగ్గురు తల్లులు ఒకే మాట చెప్పారు: తాళం వేసే పెట్టె. ఆధార్ కార్డు, ఆసుపత్రి చీటీలు, బిడ్డ టీకాల కార్డు, నాలుగు గిన్నెలు పెట్టుకోవడానికి వాళ్లకు చోటు లేదు. వాన వస్తే తడుస్తాయి, ఫుట్‌పాత్ ఖాళీ చేయించినప్పుడు లారీలో పోతాయి. గోడకు ఇనప బీరువా ఒకటి పెట్టి, అరకో తాళం వేయించాం. సెంటర్ మీద నమ్మకం కుదిరింది ఆ బీరువాతోనే.

కొత్త సంస్థ పెట్టాలా?

తొందరపడి పెట్టకండి. మొదటి ఏడాదో రెండేళ్లో, ఇప్పటికే ఈ పనిలో ఉన్న సంస్థ వెనక నిలబడండి. వీధి పిల్లలతో, ఇల్లు లేని కుటుంబాలతో ఏళ్లుగా పనిచేస్తున్న సంస్థలు ఈ ఊళ్లో ఉన్నాయి. 'మీ దగ్గర పగటి సెంటర్ ఒకటి మా ఖర్చుతో నడపగలరా' అని అడిగితే సంతోషించేవాళ్లే ఎక్కువ. ఒప్పుకునే ముందు ఆదాయపన్ను చట్టం కింద 12ఏ (సంస్థ ఆదాయానికి మినహాయింపు), 80జీ (దాతలకు మినహాయింపు) రిజిస్ట్రేషన్లు బతికే ఉన్నాయా, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ ఎన్జీవో దర్పణ్‌లో పేరుందా, గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు చూపిస్తారా అన్నది చూసుకోండి. రిజిస్ట్రేషన్ వివరాలు ఆదాయపన్ను శాఖ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. కాగితాలతో పాటు ఒక పూట అక్కడ కూర్చోండి. పిల్లలు ఆయమ్మ ఒళ్లోకి తమంతట తామే పోతున్నారో, లేక ఎవరొచ్చినా లేచి నిలబడి నమస్తే చెబుతున్నారో చూడండి. రెండో రకం చోట నాకు మనసొప్పదు.

సొంతంగానే పెట్టాలనుకుంటే రెండు దారులు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ట్రస్ట్ డీడ్ రిజిస్టర్ చేయించుకోవచ్చు. లేదా 2001 సొసైటీల చట్టం కింద సొసైటీ, దానికి కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఆశయాల్లో 'ఇల్లు లేని కుటుంబాల పిల్లల పగటి సంరక్షణ, పోషణ, విద్య' అని స్పష్టంగా రాయించండి. తర్వాత పాన్, బ్యాంకు ఖాతా, ఆదాయపన్ను రిజిస్ట్రేషన్. కొత్త సంస్థకు మొదట మూడేళ్లకు తాత్కాలికంగా ఇస్తారు. సభ్యుల్లో ఒక్కరైనా లెక్కలు తెలిసినవాళ్లు, ఒక్కరైనా ఆ ఫుట్‌పాత్ మీద బతికినవాళ్లు ఉండేలా చూసుకోండి. రెండోవాళ్లు లేకపోతే ఆ తొమ్మిదిన్నర తప్పు మళ్లీ మళ్లీ జరుగుతుంది.

నెల ఖర్చు కాగితం మీద పెట్టండి

ఇరవై మంది పిల్లలు, నెలకు 26 రోజులు, రోజుకు పన్నెండు గంటల సెంటర్‌కు నేను వేసే లెక్క ఇది. మీ ఏరియాను బట్టి అంకెలు మారతాయి.

రెండు గదులు, బాత్రూమ్, కొంచెం వరండా ఉన్న ఇంటికి అద్దె 15,000. ఇన్‌చార్జి టీచర్‌కు 18,000. ఇద్దరు ఆయమ్మలకు తలా 13,000 చొప్పున 26,000. భోజనానికి రోజుకు ఒక్కో బిడ్డకు 35 రూపాయలు, అంటే 18,200. గ్యాస్, కరెంట్, నీళ్లకు 5,000. సబ్బులు, నూనె, బట్టలు, పక్కబట్టలు ఉతికే ఖర్చు 3,500. మందులు, ఆసుపత్రి ఆటోలకు 2,500. రిపేర్లు, రశీదు బుక్కులు, చిల్లరమల్లర 1,800. మొత్తం 90,000. బిడ్డకు నెలకు 4,500.

ఇందులో భోజనం ఐదో వంతే. జీతాలు దాదాపు సగం. దాతలు మాత్రం భోజనానికే ఎగబడతారు. 'ఈ నెల బియ్యం మేమిస్తాం' అని ఐదుగురు ఫోన్ చేస్తారు, 'ఆయమ్మ జీతం మేమిస్తాం' అని ఒక్కరూ చేయరు. అందుకే ఈ లెక్క కాగితాన్ని దాచుకోకండి. ప్రతి దాతకూ చూపించండి. జీతాన్ని ఓవర్‌హెడ్ అని పిలిచేవాళ్లు ఉంటారు, వాళ్లకు ఓపిగ్గా చెప్పండి: ఈ పనిలో సేవ అంటేనే ఆయమ్మ.

జీతం తగ్గించి సెంటర్ నడపాలని చూడకండి. ఎక్కడైతే ఆయమ్మకు ఐదారు వేలు చేతిలో పెడతారో అక్కడ రెండు నెలలకో మనిషి మారుతుంది. రెండేళ్ల బిడ్డకు రెండు నెలలకో కొత్త ముఖం అలవాటు కాదు. ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం ఎంతో కార్మిక శాఖ దగ్గర తెలుసుకుని అంతకు తగ్గకుండా ఇవ్వండి. మూడేళ్లలోపు పిల్లలైతే పది మందికి ఒక మనిషి తప్పనిసరి. వీలైతే అదే ఫుట్‌పాత్ మీద ఉన్న తల్లుల్లో ఒకరిని తీసుకుని నేర్పించండి. మా ఆయమ్మల్లో ఒకావిడ అలా వచ్చినదే. ఏ బిడ్డకు ఏ పాట పాడితే నిద్ర పడుతుందో ఆమెకు తెలిసినట్టు మా టీచర్‌కు తెలియదు.

ఖర్చు తగ్గించాలంటే అద్దె దగ్గర చూడండి. కమ్యూనిటీ హాలు, చర్చి వెనక గది, మసీదు కమిటీ ఆధీనంలో ఉన్న ఇల్లు, గుడి సత్రం, ఖాళీగా ఉన్న స్కూలు గది. నోరు తెరిచి అడిగితే చాలాసార్లు పగటిపూటకు ఇస్తారు. రాతపూర్వకంగా కనీసం రెండేళ్లకు తీసుకోండి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

నా అనుభవంలో సెంటర్‌ను బతికించేది నెలకు వెయ్యి ఇచ్చే వంద మంది. పెద్ద చెక్కు ఇచ్చే ఒక్కరి మీద ఆధారపడ్డ సెంటర్ ఎలా పడిపోతుందో నేను కళ్లారా చూశాను. ఒక దాత మొత్తం ఖర్చు మీద వేసుకున్నారు. ఏడు నెలలు బాగా నడిచింది. ఎనిమిదో నెల 'ఈ ఏడాది మా ప్రాధాన్యాలు మారాయి' అని ఒక ఈమెయిల్ వచ్చింది. పదిహేను రోజుల్లో మూసేశాం. తల్లులందరికీ చెప్పామనుకున్నాం. సోమవారం పొద్దున్న నేను తాళం ఇవ్వడానికి పోతే, ఒకావిడ బిడ్డను గడప మీద కూర్చోబెట్టి, పాల సీసా, ఒక జత బట్టలు సంచిలో పెట్టుకుని నిలబడి ఉంది. ఆ వారమంతా ఊరెళ్లి వచ్చిందట, సంగతి తెలియదు. ఆ రోజు ఆమె కూలి పోయింది. నేను ఇప్పటికీ ఆ గడప మర్చిపోలేదు.

అప్పటి నుంచి మా దగ్గర ఒక నియమం ఉంది. ఏ ఒక్క దాత సొమ్మూ మొత్తం ఖర్చులో నాలుగో వంతు దాటకూడదు.

వంద మంది ఎలా దొరుకుతారు? మొదటి పాతిక మంది మీ ఫోన్‌లోనే ఉన్నారు. తర్వాత వాళ్లలో ఒక్కొక్కరూ ముగ్గురిని తీసుకురావాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌కు వెళ్లి ఐదు నిమిషాలు అడగండి. అడిగేటప్పుడు 'తోచినంత ఇవ్వండి' అనకండి. తోచినంత అంటే వంద రూపాయలు ఒకసారి. 'నెలకు వెయ్యి, ఒక ఏడాది పాటు' అని అడగండి, అక్కడికక్కడే యూపీఐ ఆటోపే పెట్టించండి. ఇంటికెళ్లాక పెడతామన్న వాళ్లలో సగం మంది మర్చిపోతారు, అది వాళ్ల తప్పు కాదు. ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలైతే పది మంది కలిసి ఒక ఆయమ్మ జీతం పంచుకోవచ్చు. ఇలా పంచుకున్న గ్రూపులే మా దగ్గర ఎక్కువ కాలం నిలబడ్డాయి, ఒకరు ఉద్యోగం మారినా ఇంకొకరు వచ్చి చేరతారు.

మతపరమైన దానాల దగ్గర కొంచెం తెలుసుకుని అడగాలి. రంజాన్ నెలలో జకాత్ ఇచ్చే కుటుంబాలు పాతబస్తీలోనే కాదు, టోలీచౌకిలో, మెహదీపట్నంలో కూడా ఎన్నో. అయితే జకాత్ సొమ్ము దానికి అర్హులైన పేదల చేతికే చేరాలన్నది నియమం కాబట్టి, అద్దెకూ జీతాలకూ అది వాడటానికి చాలామంది పెద్దలు ఒప్పుకోరు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు సదఖా (ఇష్టపూర్వకంగా ఇచ్చే దానం) అడగండి, దానికి అంత కట్టడి లేదు. అనుమానం ఉంటే ఆ కుటుంబం నమ్మే మౌల్వీ గారినే అడగమనండి. చర్చిల్లో దశమభాగం ఇచ్చేవాళ్లు, గుళ్లలో అన్నదానానికి రాసిచ్చేవాళ్లు ఉంటారు. అన్నదానం పేరుతో వచ్చిన డబ్బు అన్నానికే వాడండి. దాత ఏ పేరుతో ఇచ్చారో ఆ పేరుకే ఖర్చు రాయడం మొదటి రోజు నుంచి అలవాటు చేసుకోండి.

వస్తువులు ఇస్తామనేవాళ్లను వెనక్కి పంపకండి, కానీ జాబితా మీరే ఇవ్వండి. కేకులు, చిప్స్ ప్యాకెట్లు వద్దనండి. కందిపప్పు, రాగిపిండి, గుడ్లు, పల్లీలు, బెల్లం అనండి. మా దగ్గర పొద్దున్న రాగి జావ, పదింటికి అరటిపండు, మధ్యాహ్నం పప్పన్నమో ఆకుకూర కిచిడీయో గుడ్డుతో, నాలుగింటికి పల్లీపట్టి, వెళ్లేముందు ఉప్మా. సాయంత్రం పెట్టే ఉప్మా మానకండి. కూలి డబ్బు అందని రోజు ఆ బిడ్డకు రాత్రి తిండి అదే.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) సొమ్ము గురించి అందరూ అడుగుతారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడిట్లో ఏ ఒక్కటి దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సేవకు పెట్టాలి. అది అందుకోవాలంటే మీ సంస్థకు 12ఏ, 80జీ, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్, ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి. కొత్తవాళ్లు దీని వెనక కాళ్లరిగేలా తిరిగి టెన్షన్ పడొద్దు. మూడేళ్ల తర్వాత అడిగినా దాన్ని ఒక్కసారి పెట్టే ఖర్చులకే వాడండి: బాత్రూమ్ కట్టించడం, కిటికీలకు గ్రిల్, నీళ్ల ఫిల్టర్, పరుపులు, ఉయ్యాలలు. మార్చి ముప్పై ఒకటితో ఆగిపోయే డబ్బు మీద ఆయమ్మ జీతం పెట్టకండి.

అమెరికాలో ఉన్న తమ్ముడి డబ్బు

ఇది హైదరాబాద్ సంస్థలు ఎక్కువగా జారిపడే చోటు కాబట్టి విడిగా చెబుతున్నాను. డాలస్‌లో ఉన్న తమ్ముడికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, అతను బ్యాంకు ద్వారా తన సొంత డబ్బు పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అదే తమ్ముడు అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద వస్తూ పోతూ ఉంటే, చట్టం దృష్టిలో అది విదేశీ సొమ్మే. 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు సంస్థ మూడేళ్ల నుంచి ఉండాలి, ఆ మూడేళ్లలో సేవకు కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. వచ్చాక కూడా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే డబ్బు రావాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్మును ఇంకో సంస్థకు బదిలీ చేయడానికీ వీల్లేదు.

కాబట్టి అక్కయ్య కొడుకే కదా, సొంత మనిషే కదా అని ఖాతా నంబర్ పంపకండి. ముందు ఏ పాస్‌పోర్టు అని అడగండి. మొహమాటపడే విషయం కాదు.

పన్ను రశీదులు

దాతలకు ముందే సరిగ్గా చెప్పండి, తర్వాత మాట పడకుండా ఉంటారు. 80జీ ఉన్న సంస్థకు ఇస్తే మామూలుగా ఇచ్చినదాంట్లో సగం, ఒక పరిమితి దాకా, ఆదాయంలోంచి తగ్గుతుంది. పన్నులోంచి తగ్గుతుందని చాలామంది పొరపాటు పడతారు. ఏడాదికి 12,000 ఇచ్చినవాళ్లకు ఆదాయంలో 6,000 తగ్గినట్టు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ మినహాయింపే లేదు. నగదుగా ఇచ్చేది 2,000 దాటితే మినహాయింపు రాదు. బియ్యం, బట్టలు, బొమ్మలకు కూడా రాదు, కాబట్టి బియ్యం బస్తాకు విలువ కట్టి 80జీ రశీదు రాసివ్వమని ఎవరైనా అడిగితే మర్యాదగా కాదనండి.

ప్రతి దాత పేరు, అడ్రస్, పాన్ రాసుకోండి. ఏటా మే 31 లోపు దాతల వివరాలు ఆదాయపన్ను శాఖకు పంపితేనే వాళ్లకు సర్టిఫికెట్ వస్తుంది. ఎవరిచ్చారో తెలియని డబ్బు ఒక పరిమితి దాటితే 30 శాతం పన్ను పడుతుంది, అందుకే హుండీ డబ్బాల మీద నాకు మోజు లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. జనం నోట 80జీ అనే మాటే ఉంది, కాగితాల మీద ఏ నంబర్ వేయాలో మీ ఆడిటర్‌ను అడిగి రశీదు బుక్ అచ్చు వేయించండి.

ఏడాదిలో వచ్చినదాంట్లో 85 శాతం ఆ ఏడాదే సేవకు ఖర్చుపెట్టాలన్నది ఇంకో నియమం. మిగిలిన 15 శాతంలోంచే నిల్వ కూడబెట్టాలి. ఖర్చు 90,000 అయితే నెలకు లక్ష వచ్చేలా చూసుకోండి. నెలకు పది వేల చొప్పున 27 నెలల్లో మూడు నెలల ఖర్చు, అంటే 2,70,000 పక్కన పడుతుంది. ఆ డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, మూసేయాల్సి వస్తుందేమో అన్న రోజు తప్ప ముట్టుకోవద్దు.

ప్రభుత్వం ఇచ్చేది వదులుకోకండి

మీ సెంటర్ అంగన్‌వాడీకి పోటీ కాదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకు అంగన్‌వాడీలో ఉచిత పోషకాహారం హక్కు. దగ్గర్లోని అంగన్‌వాడీ టీచర్ దగ్గరికి పిల్లల జాబితాతో వెళ్లండి. చిన్నవాళ్లకు బాలామృతం అనే పోషకాహార పొడి, గుడ్లు వస్తాయి. అడ్రస్ లేదని పేరు రాసుకోకపోతే గొడవపడకుండా సూపర్‌వైజర్‌ను, ఆ తర్వాత సీడీపీవోను (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారిని) కలవండి, సెంటర్ అడ్రస్ ఇవ్వండి. టీకాలకు బుధ, శనివారాల్లో ఏఎన్ఎంను (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తను) సెంటర్‌కే రమ్మని అడగండి. ఇరవై మంది ఒకచోట ఉన్నారంటే వాళ్లకూ పని తేలిక. జ్వరాలకు బస్తీ దవాఖానా ఉంది.

కేంద్రం 2022లో పాత క్రెచ్ (పసిపిల్లల పగటి సంరక్షణ కేంద్రం) పథకాన్ని మహిళల పథకం మిషన్ శక్తిలో 'పాల్నా' పేరుతో చేర్చింది. మీ ఏరియాలో అంగన్‌వాడీతో కలిపి క్రెచ్ వచ్చే అవకాశం ఉందేమో జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారి ఆఫీసులో అడగండి. ఢిల్లీలో మొబైల్ క్రెచెస్ సంస్థ భవన కార్మికుల పిల్లల కోసం 1969లో మొదలుపెట్టిన పని ఇదే. దారి కొత్తది కాదు, అడిగితే చెప్పేవాళ్లు ఉన్నారు.

రాత్రి ఉంచుకోకండి, ఫోటోలు తీయకండి

తల్లి ఒకరోజు రాలేదు, బిడ్డను రాత్రికి మన దగ్గరే పడుకోబెడదాం అనిపిస్తుంది. జాగ్రత్త. ఇంటికి దూరమైన పిల్లల్ని ఉంచుకునే చోటుకు 2015 బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకుండా నడిపితే జైలు శిక్ష, లక్షకు తగ్గకుండా జరిమానా ఉన్నాయి. పెద్దలు దొరకని బిడ్డ కనిపిస్తే 24 గంటల్లోపు తెలియజేయాలి, 1098కి ఫోన్ చేయండి. బిడ్డను తీసుకుపోవడానికి వచ్చే ఇద్దరి పేర్లు, వాళ్ల ఫోటోలు చేరిన రోజే రిజిస్టర్‌లో అంటించండి. అన్న అని చెప్పుకుని ఇంకెవరో వస్తే బిడ్డను ఇవ్వొద్దు.

స్టాఫ్ అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించండి. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. దాత ఎంత పెద్దవారైనా ఒంటరిగా పిల్లల దగ్గరికి పంపకండి. లైంగిక వేధింపు జరిగిందన్న అనుమానం కలిగినా పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం మీ బాధ్యత. సంస్థ పేరు పోతుందేమో అన్న ఆలోచన అక్కడ రాకూడదు.

ఫోటోల సంగతి. దాతలు అడుగుతారు, ముఖ్యంగా పుట్టినరోజు రోజున. నేను ఇవ్వను. మీ బిడ్డ అన్నం తింటున్న ఫోటో తెలియనివాళ్ల వాట్సాప్‌లో తిరిగితే మీకెలా ఉంటుందో ఆ తల్లికీ అలాగే ఉంటుంది. బదులుగా ప్రతి నెలా ఒక పేజీ ఉత్తరం పంపండి: ఎన్ని రోజులు తెరిచాం, రోజుకు సగటున ఎంతమంది వచ్చారు, ఎంతమంది బరువు పెరిగారు, ఎంత వచ్చింది, ఎంత పోయింది. పేరు లేకుండా ఒక చిన్న సంగతి రాయండి. మేము ఒకసారి ఇలా రాశాం: మూడేళ్ల బాబు ఒకడు చేరిన కొత్తలో చెప్పులు చెంప కింద పెట్టుకుని పడుకునేవాడు. ఫుట్‌పాత్ మీద పక్కన పెట్టినది పొద్దున్నకు ఉండదని వాడికి తెలుసు. ఎవరు తీయబోయినా లేచి ఏడ్చేవాడు. పదహారో రోజు మధ్యాహ్నం ఆ చెప్పులు మిగతా పిల్లల చెప్పులతో పాటు గుమ్మం బయట వరసలో ఉన్నాయి. ఆ నెల ఒక్క దాత కూడా ఫోటో అడగలేదు.

కుటుంబం వెళ్లిపోయే రోజుకు సిద్ధంగా ఉండండి

ఇవి కదిలే కుటుంబాలు. నాట్లకు పాలమూరు పోతాయి, కొత్త సైట్ వస్తే రాత్రికి రాత్రే శంషాబాద్ పోతాయి, పోలీసులో మున్సిపాలిటీ వాళ్లో లేపితే ఎటో చెప్పకుండా పోతాయి. అందుకే చేరిన వారంలోనే ప్రతి బిడ్డకూ ఒక ప్లాస్టిక్ కవరు తయారు చేయండి. అందులో టీకాల కార్డు, బరువు రాసిన చీటీ, జనన ధ్రువపత్రం ఉంటే దాని నకలు, అంగన్‌వాడీలో నమోదైన వివరాలు, సెంటర్ ఫోన్ నంబర్ ఉండాలి. ఒక కాపీ బీరువాలో, ఇంకోటి తల్లి దగ్గర. జనన ధ్రువపత్రం లేనివాళ్లకు పుట్టిన ఆసుపత్రి నుంచి వివరాలు తెప్పించి మీసేవలో దరఖాస్తు పెట్టించడం ఇన్‌చార్జి టీచర్ పనిలో భాగమని ముందే చెప్పండి. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు బడిలో చేరడానికి ఆ ఒక్క కాగితమే పుట్టిన తేదీకి రుజువు.

వెళ్లేముందు తెలిస్తే, వాళ్లు పోయే చోట అంగన్‌వాడీ ఎక్కడుందో కనుక్కుని ఆ కవరు మీద రాసివ్వండి. తెలియకుండా వెళ్లిపోతే ఆ బిడ్డ చోటు ఒక నెల ఖాళీగా ఉంచండి. చాలామంది తిరిగి వస్తారు.